జేజి చేతిలో పెట్టవలసిన పువ్వు

చిరంజీవి అమ్మాయికి, అనంతపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ జేజి రూపాన్ని లినోలియం అనే మెత్తటి పలకపై చెక్కి అచ్చు వేస్తానని రాశావు, చాలా సంతోషం. కానీ నువ్వు పంపిన చిత్తులో ఆమె చేతికి గులాబీ ఎందుకిచ్చావు తల్లీ? బొంతలు కుట్టి కుట్టి కాయలు కాసిన చేయి అది.

యూరప్ పాత చిత్తరువుల్లో స్త్రీ చేతిలోని గులాబీ ప్రేమకు, తెల్ల లిల్లీ పవిత్రతకు, కార్నేషన్ పెళ్లి నిశ్చయానికి గుర్తు. ఆమె ఏం పని చేసేదో ఆ పువ్వులు చెప్పవు. జర్మనీలో పుట్టిన చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ సంగతి వేరు. 1699లో, 52 ఏళ్ల వయసులో, చిన్న కూతురితో ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది. ఏ పురుగు ఏ మొక్కను తిని ఏ సీతాకోకచిలుక అవుతుందో కళ్లారా చూసి గీసింది. 1705లో ఆ బొమ్మలు రాగిరేకుల మీద చెక్కిన అచ్చులుగా వెలువడ్డాయి. జర్మనీ పాత 500 మార్కుల నోటు మీద ఆమె ముఖమే ఉండేది. వెనకవైపు డాండెలియన్ మొక్క, గొంగళిపురుగు, సీతాకోకచిలుక. అంటే ఆమె పనే.

జేజికి అలాంటి పువ్వు వేరుశనగ. నాకిచ్చిన బొంత మూలల్లో ఆమె పసుపు దారంతో కుట్టింది ఆ పువ్వునే. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ తర్వాతే ఊడ మట్టిలోకి దిగి కాయ కడుతుంది. ఆమెకు ఇంతకన్నా తగిన గుర్తు నాకు తోచడం లేదు.

నల్లరంగు ఒక్కటే వాడుతున్నావు కనుక పసుపు కనిపించదు, ఆకారమే పువ్వును పట్టివ్వాలి. పక్కన నాలుగేసి ఆకుల రెమ్మ వెయ్యి, మన జిల్లాలో ఎవరైనా గుర్తుపడతారు. పెద్ద రెక్క మీద ఎర్రటి సన్న గీతలుంటాయి. వాటిని చెక్కకుండా నిలపాలి. గీతకు రెండు వైపులా వాలుగా చెక్కు, అడుగు తొలిచావంటే విరిగిపోతుంది. లినోలియం బిరుసుగా ఉంటే కాసేపు ఎండలో పెట్టు, మెత్తబడుతుంది.

ఇంకొక మాట. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. నేను అచ్చు వేసిన మా అమ్మ బొమ్మలో సూది ఎడమచేతికి మారిపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. పలచటి కాగితం మీద గీసి, తిరగేసి ఎక్కించు. జేజి కొప్పులో కనకాంబరాలు ఉండనివ్వు, అవంటే ఆమెకు ప్రాణం. కుడిచేతిలో మాత్రం సూది ఉండాలి, పువ్వు ఒడిలోని బొంత మీద.

చేలు ఇప్పుడు పూత మీదున్నాయి. తెల్లవారగానే వెళ్లి, పువ్వును తెంపకుండా అక్కడే కూర్చుని గీసుకో.

మీ పెద్దమ్మ