నీళ్లు ఉప్పగా లేకపోయినా పొలం చౌడు బారుతుందా?

బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా లేవు, అయినా మడులు గట్టిపడి మొలక సరిగా రావడం లేదు, లోపం నీళ్లదా నేలదా అని అడిగారు. నా అనుమానం నీళ్ల మీదే. మా పొలంలో ఇదే చూశాను.

మా బోరు నీటి ఇ.సి. (కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే విద్యుత్ వాహకత, మీటరుకు డెసీసీమెన్స్‌లలో కొలుస్తారు) ఒకటికి అటూ ఇటూగా ఉండేది, అంటే మరీ ఎక్కువేం కాదు. పక్క పొలం బోరుది అంతకు రెట్టింపు. అయినా వాళ్ల మట్టి పొడిపొడిగా ఉండేది. మాది తడిస్తే బురద, ఎండితే రాయి. నీళ్లు పెడితే పైనే నిలిచిపోయేవి. నీటిలో ఉప్పు ఎంతుందనే కాదు, ఏ ఉప్పు ఉందో చూడాలని అప్పుడే అర్థమైంది. మా నీళ్లలో సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పడుతుంది చూడండి, నేలలోనూ అంతే: బైకార్బొనేట్ కాల్షియాన్ని సున్నంగా దించేస్తుంది. ఇక మిగిలేది సోడియమే. అది బంకమట్టి రేణువులను విడదీసి సందులు పూడ్చేస్తుంది. కారు చౌడు అంటే ఇదే. నేల పీహెచ్ 8.5 దాటుతుంది.

పాల చౌడు సంగతి వేరు. అక్కడ మొత్తం లవణాలే ఎక్కువ. మట్టిలో తేమ ఉన్నా మొక్క లాక్కోలేదు, ఆకుల అంచులు మాడతాయి, బోదెల మీద తెల్లగా పేరుకుంటుంది. ఇ.సి. 1 ఉన్న నీటిలోనూ లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. ఒక పంటకు 500 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే ఎకరానికి దాదాపు 1.3 టన్నుల ఉప్పు మోసుకొచ్చినట్టే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. వేళ్ల కిందికి కడిగితేనే పోతుంది.

అందుకే జిప్సం (నేలలో సోడియాన్ని తోసేసే కాల్షియం ఖనిజం) కొనేముందు నీళ్లు, మట్టి రెండూ పరీక్ష చేయించండి. మోటారు కాసేపు నడిచాక, సీసాను అదే నీళ్లతో కడిగి పట్టండి. ఇ.సి. ఒక్కటే చూసి ఊరుకోవద్దు, కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో చెప్పే సోడియం నిష్పత్తి (ఎస్‌.ఏ.ఆర్.), వాటికి సరిపోగా ఇంకా మిగిలే కార్బొనేట్లను చెప్పే మిగులు కార్బొనేట్ (ఆర్‌.ఎస్‌.సి.) కూడా అడగండి. ఈ మిగులు కార్బొనేట్ లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపుంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీళ్లు నేరుగా వాడకూడదు. కాలువ నీళ్లో వాన నీళ్లో దొరికితే కలిపి వాడొచ్చు.

కారు చౌడని తేలితే జిప్సం పనిచేస్తుంది. మోతాదు మట్టి రిపోర్టు ప్రకారమే. పొడిని పైమట్టిలో కలిపి, నీళ్లు నిలగట్టి, ఆ నీరు కిందికి ఇంకి బయటకు పోయేలా చూడాలి. మేం దాంతో పాటు పచ్చిరొట్ట పైరు జీలుగ వేసి కలియదున్నాం, నీళ్లు ఇంకడంలో తేడా కనిపించింది. ఉత్త పాల చౌడైతే జిప్సం డబ్బు దండగ, ఎక్కువ నీళ్లు పెట్టి కడగడమే మందు. నీటి ఇ.సి. 2 ఉండి నేలను 4 దాటనివ్వకూడదంటే, పెట్టిన నీళ్లలో 11 శాతం దాకా వేళ్ల కిందికి దిగిపోవాలి.

ఇవన్నీ మురుగు కాలువ ఉంటేనే. భూగర్భ నీటిమట్టం పైకి వచ్చిన చోట ఎన్ని నీళ్లు పెట్టినా ఉప్పు మళ్లీ పైకే ఎక్కుతుంది. మా పొలంలో పల్లపు వైపు కాలువ తీసే దాకా ఆ మూల బాగుపడలేదు. నన్నడిగితే ముందు అక్కడే ఖర్చు పెట్టండి.

డ్రిప్ ఉంటే ఇంకో జాగ్రత్త: ఉప్పు తడి అంచున పేరుకుంటుంది. చిన్న జల్లు పడితే అది వేళ్ల దగ్గరికి జారుతుంది, కాబట్టి వాన పడుతున్నా మోటారు ఆపొద్దు.

నేల బాగుపడే దాకా పంట ఎంపికలో జాగ్రత్త పడండి. నేల ఇ.సి. ఒకటి దాటగానే బీన్స్ దిగుబడి తగ్గుతుంది, మొక్కజొన్న 1.7 దగ్గర, వరి 3 దగ్గర. పత్తి, బార్లీ దాదాపు 8 దాకా తట్టుకుంటాయి, మొలక దశలో మాత్రం వాటికీ మంచి నీళ్లే కావాలి.