నికెల్ గనుల దొర, నల్ల చతురస్రం

ప్రశ్న: రష్యా నికెల్ గనుల అధిపతి వ్లదీమిర్ పొతానిన్‌ను కొందరు మహాదాత అంటారు, మరికొందరు ప్రభుత్వ ఆస్తిని కారుచౌకగా దక్కించుకున్న మనిషంటారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మవచ్చు, ఎందుకంటే రెండింటికీ ఆధారాలున్నాయి. 1961లో మాస్కోలో పుట్టిన పొతానిన్ చదువు ముగించి సోవియట్ విదేశీ వాణిజ్య శాఖలో చేరారు. 1990లో ఇంటర్‌రోస్ అనే సొంత సంస్థను, ఆ తరువాత ఒనెక్సిమ్ బ్యాంకును స్థాపించారు. ఆయన జాతకం మారింది మాత్రం 1995లో. ఖజానా వట్టిపోయిన రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రభుత్వానికి బ్యాంకులు అప్పిచ్చి, బదులుగా ప్రభుత్వ సంస్థల వాటాలను తాకట్టు పెట్టుకోవచ్చన్న పథకాన్ని సూచించినది ఆయనే. స్టాలిన్ కాలపు ఖైదీలు ఆర్కిటిక్ మంచులో కట్టిన నికెల్ గనుల సంస్థ నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటా ఆ నవంబరులో వేలానికి వచ్చింది. పోటీ బ్యాంకు ఒకటి 35.5 కోట్ల డాలర్లు ఇస్తానంటే ఆ పాటను పక్కన పెట్టేశారు. వేలం నిర్వహించిన ఒనెక్సిమ్‌కే 17 కోట్ల డాలర్ల చిల్లరకు ఆ వాటా దక్కింది. ప్రభుత్వం అప్పు తీర్చలేదు, తాకట్టు సొత్తు రెండేళ్లలో సొంతమైంది. ఆ రెండేళ్ల వ్యవధిలోనే ఆయన కొన్ని నెలలు ఉప ప్రధానిగా కూడా పనిచేశారన్నది మరువకూడదు.

ఇక దానాల సంగతి. 1999లో స్థాపించిన ఆయన ఫౌండేషన్ విద్యార్థులకు ఉపకార వేతనాలు, మ్యూజియంలకు నిధులు ఇస్తోంది. దివాలా తీసిన ఒక బ్యాంకు ఆస్తుల్లో చిక్కుకున్న చిత్రకారుడు మాలెవిచ్ చిత్రం ‘నల్ల చతురస్రం’, 2002లో ఆయన ఇచ్చిన పది లక్షల డాలర్లతోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియానికి చేరింది. తెల్లని అంచు మధ్య నల్లరంగు తప్ప మరేమీ లేని ఆ పటం నేడు ఎవరైనా చూడగలిగే చోట ఉందంటే అది ఆయన చలవే. 2013లో, కనీసం సగం సంపదను దానం చేస్తానన్న ‘గివింగ్ ప్లెడ్జ్’పై సంతకం చేసిన తొలి రష్యన్ కూడా ఆయనే.

అయితే 2020 మే నెలలో నోరిల్స్క్ పట్టణం వద్ద ఆయన కంపెనీ ఇంధన ట్యాంకు కుంగి, దాదాపు 20 వేల టన్నుల డీజిల్ ఒలికి, అంబర్నాయా నది ఎర్రబారింది. కంపెనీ 14,600 కోట్ల రూబుళ్లు చెల్లించవలసి వచ్చింది. కోర్టు కట్టమన్న ఆ సొమ్మును దానాల పద్దులో ఎవరూ రాయరు కదా! 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఆయన న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ధర్మకర్తల మండలి నుంచి తప్పుకున్నారు. ఆ ఏడాదిలోనే బ్రిటన్, అమెరికా ఆయనపై ఆంక్షలు విధించాయి.