వైఫై పెట్టిస్తే డబ్బులు మిగులుతాయా?

ప్రశ్న: విజయవాడలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేను, నా భార్య, అమ్మ, ఇంటర్ చదివే అమ్మాయి. నాలుగు ఫోన్లకూ 28 రోజుల 349 రూపాయల ప్లానే, రోజుకు 2 జీబీ. అయినా రాత్రి తొమ్మిదయ్యేసరికి ఎవరో ఒకరి డేటా అయిపోయి నా హాట్‌స్పాట్ అడుగుతారు. నెలకు 399కే 30 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామంటున్నారు. పెట్టించుకోమంటారా? డబ్బులేమైనా మిగులుతాయా?

జవాబు: పెట్టించుకోండి. మిగులు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. వైఫై వచ్చాక కూడా చాలా ఇళ్లలో ఫోన్లకు పాత రీఛార్జులే అలవాటుగా చేస్తూ పోతారు, అక్కడే చేతి చమురు వదులుతుంది.

28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జులు. నాలుగు ఫోన్లకూ కలిపి 18,148 రూపాయలు. నెలకు 1,400 అవుతోందని మీరు అనుకుంటూ ఉంటారు, నిజానికి 1,500 దాటుతోంది. ఆ 399 కూడా 399 కాదు, 18 శాతం జీఎస్టీ కలిస్తే 471, ఏడాదికి 5,650. ఫోన్ల జోలికి పోకుండా దీన్ని కూడా తగిలించుకుంటే మొత్తం 23,800 దగ్గర తేలుతుంది.

కాబట్టి ముందు ఒక్కో ఫోన్ సంగతీ చూడాలి. అమ్మగారు ఎక్కువగా ఇంట్లోనే ఉంటారనుకుంటున్నాను. ఆవిడ సీరియళ్లు, భక్తి పాటలు వైఫైలో చూసుకుంటారు, ఫోన్‌కు కాల్స్, ఎస్ఎంఎస్‌లు వస్తే చాలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్లాన్లు వచ్చాయి, 84 రోజులకు 450 అటూ ఇటూ ఉంటాయి. ఏడాదికి 2,000 వేసుకోండి. యాప్‌లో ఇవి పై వరసలో కనిపించవు, కాస్త కిందికి వెళ్లి వెతకాలి. బ్యాంకు ఓటీపీలు మామూలుగానే వస్తాయి, వాటికి డేటాతో పనిలేదు.

అమ్మాయిదీ ఇంచుమించు ఇదే కథ. చాలా ఇంటర్ కాలేజీల్లో ఫోన్ గేటు లోపలికే రానివ్వరు, సాయంత్రం దాకా ఆ 2 జీబీ ఊరికే పడి ఉంటుంది, రాత్రి వీడియో క్లాసులకేమో చాలదు, వాడనిది పన్నెండింటికి మురిగిపోతుంది. అదీ కాల్స్ ప్లాన్‌కే మార్చండి. బయట ఫోన్‌పే వాడేవాళ్లకు మాత్రం ఈ ప్లాన్ వద్దు, కూరగాయల బండి దగ్గర నిలబడి చిల్లర వెతుక్కోవాల్సి వస్తుంది. మీ భార్య రోజూ బయటికి వెళ్తారనుకుంటే 28 రోజుల 299 ప్లాన్, రోజుకు 1.5 జీబీ సరిపోతుంది, ఏడాదికి 3,887. మీది 349లోనే ఉంచండి, 4,537.

ఫోన్లు 12,424, బ్రాడ్‌బ్యాండ్ 5,650, మొత్తం 18,074. ఇప్పటి ఖర్చు కంటే 74 రూపాయలు తక్కువ! మిగులు అనడానికి నాకే నవ్వొస్తోంది, కానీ అదే డబ్బుకు హాట్‌స్పాట్ గొడవ ఇంట్లోంచి పోతుంది, నా లెక్కలో అది మంచి బేరమే.

ఒక చిన్న మెలిక. 2024 జులైలో ధరలు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే ఇస్తున్నాయి. మీవి 5జీ ఫోన్లయి, ఇంట్లో సిగ్నల్ బాగా అందితే రాత్రి డేటా అయిపోవడం అనేదే ఉండకూడదు, అంటే మీవి 4జీ ఫోన్లై ఉండాలి, లేదా ఇంట్లో సిగ్నల్ లేకుండా ఉండాలి. బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుని కొత్త 5జీ ఫోన్ కొనడం మానుకున్నారంటే అదీ ఒక ఆదా. ఒక ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇల్లంతా నడిపిద్దామనుకుంటే, మీరు ఆఫీసుకు బయల్దేరగానే నెట్ కూడా మీతో పాటే వెళ్లిపోతుంది.

ఓటీటీలు కలిపిన ఖరీదైన ప్లాన్లు వద్దు, మీకు 30 ఎంబీపీఎస్ చాలు. పక్క ఫ్లాట్‌లో అదే కనెక్షన్ ఉంటే రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ ఎలా ఉంటుందో అడగండి, పొద్దున అందరిదీ బాగానే ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే రౌటర్‌ను ఆ లైనుకే పెట్టించండి. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఉచితం అంటారు, కానీ అద్దె ఇంట్లో ఉన్నారు, ఇల్లు మారితే కొత్త చోట ఆ లైన్ ఉంటుందన్న గ్యారంటీ లేదు, మొదట మూడు నెలలకే కట్టండి. రౌటర్ డిపాజిట్ ఎంతో, తిరిగిస్తారో లేదో రాతలో తీసుకోండి. అమ్మగారి రీఛార్జ్ ఎప్పుడు అయిపోతుందో చూసుకుని, దానికి వారం ముందు కనెక్షన్ పెట్టించండి, అప్పుడు పాత డేటా ప్లాన్‌కూ, బ్రాడ్‌బ్యాండ్‌కూ రెండింటికీ ఎక్కువ రోజులు కట్టే పని ఉండదు.