మంచు తుపాను ముంచుకొస్తోంది.. అమ్మానాన్నలను ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం డాలస్‌లో ఉంటాం. అమ్మానాన్న నవంబరులో వరంగల్ నుంచి వచ్చారు. నాన్నకు 68 ఏళ్లు. ఇన్సులిన్ వాడతారు, పాదాలకు తిమ్మిరి ఉంది. అమ్మకు బీపీ, ఆస్తమా. ఈ వారాంతంలో ఐస్ స్టార్మ్ వస్తుందంటున్నారు. కరెంటు పోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు

జవాబు: మీ భయం అనవసరమైనది కాదు. 2021 ఫిబ్రవరిలో మీ టెక్సాస్‌లోనే ఇళ్లు, దుకాణాలు కలిపి 45 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. చలికి బలైనవారే ఎక్కువ. కానీ వెచ్చదనం కోసం చేసిన పనులతో ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. నాకు ఎక్కువ దిగులు దాని గురించే.

మన పెంకుటిళ్లలో కుంపటి పెట్టుకున్నా పొగ సందుల్లోంచి బయటికి పోయేది. అక్కడి ఇళ్లు గాలి చొరబడకుండా కట్టినవి. బొగ్గుల గ్రిల్, క్యాంపింగ్ స్టవ్ లోపల వెలిగించినా, గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్నా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండిపోతుంది. గ్యారేజీ తలుపు తెరిచినా రక్షణ ఉండదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎడంగా ఉండాలి. ఈ వాయువుకు వాసన లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే చలికేలే అనుకోకండి. వెంటనే బయటికి వచ్చి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీలు ఈ రోజే మార్చండి. పొగ అలారం ఒక్కటే ఉంటే అది ఈ వాయువును పసిగట్టలేదు.

ఇక నాన్నగారి ఇన్సులిన్. ఫ్రిజ్ ఆగిపోయిందని దాన్ని బయట మంచులో పెట్టకండి. ఒక్కసారి గడ్డకడితే, కరిగాక చూడటానికి బాగానే ఉన్నా పనిచేయదు, పారేయాల్సిందే. వాడుతున్న పెన్ మామూలు గది వేడిలో చాలా రకాలకు దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. ఇల్లు మరీ చల్లబడితే లోపలి జేబులో ఉంచుకోమనండి. గ్లూకోమీటర్ కూడా చలికి సరిగా పనిచేయదు, దాన్నీ వెచ్చగా ఉంచండి.

పాదాలకు స్పర్శ తక్కువ కాబట్టి వేడినీళ్ల బ్యాగు, హీటింగ్ ప్యాడ్ వద్దే వద్దు. కాలినా ఆయనకు తెలియదు. ఉన్ని సాక్సులు చాలు. రోజూ సాయంత్రం మీరే పాదాలు చూడండి.

అందరూ ఒకే గదిలో ఉండండి. మంకీ క్యాప్, రెండు మూడు పొరల బట్టలు వేయండి. పెద్దవాళ్లలో శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినా ఒక్కోసారి వణుకు కనపడదు. మాట ముద్దగా రావడం, మగత, తికమక కనిపిస్తాయి. నాన్నగారిలో ఇవి కనిపిస్తే ముందు షుగర్ చూడండి, లో షుగర్ కూడా ఇలాగే ఉంటుంది. షుగర్ తక్కువగా ఉన్నా, చూడటానికి వీల్లేకపోయినా, మింగగలిగే స్థితిలో ఉంటే పంచదార నీళ్లు ఇవ్వండి. షుగర్ బాగానే ఉన్నా మగత తగ్గకపోతే 911కి ఫోన్ చేయండి.

అమ్మగారి నెబ్యులైజర్‌కు కరెంటు కావాలి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ సరిగా పీలిస్తే చాలామందికి అంతే బాగా పనిచేస్తుంది. వాడే పద్ధతి ఇప్పుడే సాధన చేయించండి. జలుబు బిళ్లల్లో ముక్కు దిబ్బడ తగ్గించేవి కొన్ని బీపీ పెంచుతాయి, అడగకుండా ఇవ్వకండి.

ఇద్దరి మందులూ ఈ రాత్రే లెక్కపెట్టండి. మన ఊరి చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు. రెండు వారాలకు సరిపడా లేకపోతే రోడ్లు గడ్డకట్టకముందే, రేపు పొద్దున్నే అక్కడి డాక్టర్‌కు చూపించి రాయించుకోండి.