సైకిల్ వెంటపడే కుక్క, పిలిస్తే రాని కుక్కపిల్ల: విజయనగరం నుంచి నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు పొద్దున్నే సైకిల్ మీద వెళ్తుంటే దారిలో ఒక ఇంటి కుక్క రోజూ వెంటపడుతోంది, ఇంటాయన్ని అడిగితే "ఏటీ సెయ్యదు బావు" అంటున్నాడు. రెండోది, మీ ఇంట్లో ఉన్న నాలుగు నెలల కుక్కపిల్ల పిలిస్తే రాదు, వీధిలో బండి కనపడితే చాలు పరిగెడుతోంది. మీరు వీటిని వేరువేరుగా రాశారు గానీ నాకు రెండూ ఒకటే సమస్య లాగ కనిపిస్తున్నాయి, ఎందుకంటే ఇవాళ మీ పిల్ల ఆటగా చేస్తున్న పనే రెండేళ్లు పోయాక ఎవరో ఒక సైకిల్ మనిషిని కింద పడేస్తుంది.

నాది విజయనగరం. నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వైపు చాలా ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. ఇంట్లో కుక్క కూడా ఉంది, అది మా పెద్దమ్మ వాళ్ల మామిడితోటలో కాపలాకి పెరిగి, ఆవిడ తోట అమ్మేశాక మా ఇంటికి వచ్చింది, వచ్చేటప్పటికే దానికి సైకిల్ కనపడితే ఆగేది కాదు, పాల కేన్ల సైకిల్ అయితే మరీను. అందుకని రెండు వైపుల నుంచీ చూసిన మాటలే రాస్తున్నాను.

అసలు కుక్క ఎందుకు తరుముతుందంటే, ఏదైనా వేగంగా దూరంగా పోతుంటే దాని వెనక పరిగెత్తడం కుక్కకి పుట్టుకతో వచ్చిన వేట గుణం, దానికి తోడు ఇంటి ముందు రోడ్డు కూడా తన హద్దులోదే అనుకుంటుంది. అది మొరుగుతూ వచ్చింది, మీరు గట్టిగా తొక్కారు, వెళ్లిపోయారు. మీ లెక్కలో మీరు తప్పించుకున్నారు, దాని లెక్కలో అది మిమ్మల్ని తరిమేసి గెలిచింది. రోజూ గెలిచే ఆట ఎవరు మానేస్తారు చెప్పండి. "రోజూ నన్నే చూస్తోంది కదా, అలవాటు పడదా" అని అడిగారు. ఇలా తరిమినంతకాలం పడదండి, పోనుపోను ఇంకా దూరం నుంచే మొదలెడుతుంది.

కాబట్టి ముందు ఆగడం నేర్చుకోండి. వేగంతో గెలుద్దాం అనుకోవద్దు, మామూలు ఊరకుక్క కూడా కాసేపు గంటకి 30 కిలోమీటర్ల పైనే పరిగెడుతుంది, గేర్ సైకిల్ మీద మనం 25 దగ్గర ఉంటే గొప్ప, పైగా గుంతల రోడ్డు. నేను చూసినంతలో కుక్క కరవడం కన్నా ముందు చక్రానికి అడ్డం రావడం వల్ల, లేదా మనం కాలితో తన్నబోయి బేలన్స్ తప్పడం వల్ల తగిలే దెబ్బలే పెద్దవి. మాతో పాటు తొక్కే ఒకాయనకి మణికట్టు ఇలాగే విరిగింది, కుక్క ఆయన్ని అసలు ముట్టుకోనే లేదు.

దూరం నుంచే కనిపిస్తే వేగం తగ్గించి బ్రేకుల మీద వేళ్లు ఉంచుకోండి. వచ్చేస్తోంది అనిపిస్తే దిగిపోయి సైకిల్ని మీకూ దానికీ మధ్యలో పెట్టుకుని నిలబడండి. పరిగెడుతున్నది ఆగిపోగానే చాలా కుక్కలకి ఏం చెయ్యాలో తోచదు, కాస్త దూరంలో ఆగి మొరుగుతాయి, అంతే. కళ్లలోకి గుచ్చి చూడొద్దు, అరవొద్దు, గొంతు దించి గట్టిగా "పో, ఇంటికి పో" అనండి, పెంపుడు కుక్క అయితే ఇంట్లోవాళ్లు రోజూ అనే మాటే కాబట్టి దానికి తెలుసు. తర్వాత దానికి పూర్తిగా వీపు తిప్పకుండా సైకిల్ నడిపించుకుంటూ దాని ఇల్లు దాటాక అప్పుడు ఎక్కండి. కొంచెం టైం పోతుంది, పోనివ్వండి. దగ్గరికి వచ్చేస్తే నీళ్ల సీసాతో మొహం మీద చిమ్మితే వెనక్కి తగ్గుతుంది, దెబ్బా తగలదు. పెప్పర్ స్ప్రే గురించి అడిగారు, గాలి ఎదురు కొడితే అది మీ కళ్లలోనే పడుతుంది, వద్దు.

వంగి రాయి తీసినట్టు చేస్తే వీధికుక్కలు చాలావరకు తగ్గుతాయి, ఇది మన దగ్గర చిన్న పిల్లలకి కూడా తెలుసు, దిగి నిలబడ్డాక అవసరమైతే నేనూ వంగుతాను. నిజంగా విసరడం మాత్రం చెయ్యొద్దు. సైకిల్ వస్తే నొప్పి వస్తుందని దానికి ముద్ర పడిపోతే ఆ కోపం మీ మీద కాదు, మీ వెనకాల సైకిల్ మీద బడికి వెళ్లే పిల్ల మీద చూపిస్తుంది. బిస్కెట్ల విషయం కూడా చాలామంది మంచి మనసుతోనే చేస్తారు గానీ, వెంటపడుతున్నప్పుడు బిస్కెట్ పారేసి వెళ్లిపోతే "తరిమితే బిస్కెట్ వస్తుంది" అని నేర్పినట్టే. ఇవ్వాలంటే మీరు దిగి నిలబడి, అది మొరగడం ఆపి నెమ్మదించాక ఇవ్వండి.

ఒక సీజన్ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. చిత్తకార్తె అంటే అక్టోబరు నడిమికి కుక్కలు ఎదకొచ్చి గుంపులు గుంపులుగా తిరుగుతాయి, కుక్క కట్టాక ఈనడానికి రెండు నెలలు కాబట్టి డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా ప్రతి గడ్డికుప్ప వెనకా పిల్లలతో తల్లికుక్క ఉంటుంది, సరిగ్గా అప్పుడే కళ్లాల్లో ధాన్యం ఉండి కాపలా కుక్కలు కూడా రాత్రంతా మేలుకుని ఉంటాయి. ఏడాది పొడుగునా ఊరుకునే కుక్క ఆ రోజుల్లో ఊరుకోదు. పిల్లల తల్లి దగ్గర వంగడాలు, అదిలించడాలు పనిచెయ్యవు, దూరంగా జరిగిపోవడమే. ఆ నెలల్లో నేను తెల్లవారి వెలుగు వచ్చాకే బయల్దేరతాను.

కరిస్తే మాత్రం ఎక్కడా ఆలస్యం వద్దు. పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏమీ పెట్టకూడదు, కట్టు కట్టకూడదు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండకి వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా ఉంటుంది (0 అంటే మొదటి సూది వేసిన రోజు), చర్మం చీలి రక్తం వచ్చిన గాయానికి దీనితో పాటు గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్, అంటే టీకా పనిచెయ్యడం మొదలయ్యేలోపు కాపాడే మందు కూడా వెయ్యాలి, అది మీరే అడగండి. "పెంపుడు కుక్కే కదా, పది రోజులు చూద్దాం" అంటారు ఇరుగుపొరుగు. కుక్కని పది రోజులు కనిపెట్టుకుని ఉండటం సరే, ఈలోపు సూది మానకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు లేదు.

ఇక ఆ ఇంటాయన సంగతి. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన ముందు అది నిజంగానే ఏటీ సెయ్యదు. సైకిల్ మీద పోయేవాడి వైపు నుంచి ఆయన ఎప్పుడూ చూడలేదు, అంతే. కుక్క తరిమిన ఆ నిమిషంలో గొడవ పెట్టుకుంటే ఊరంతా ఆయన వైపే నిలబడుతుంది. మధ్యాహ్నం పూట ఊరికే ఒకసారి వెళ్లి, "పెద్దాయనా, రోజూ పొద్దున్న ఈ దారినే వెళ్తాను, ఆ కాసేపు కట్టేస్తారా, నేను పడితే నాకూ కష్టం, మీ కుక్కకీ చెడ్డపేరు" అనండి. మా రూట్లో ఒక జీడితోట దగ్గర ఇంట్లో నేను అలాగే మాట్లాడాను. ఆ ఇంటి ముసలమ్మ "ఓలమ్మ, నీమీదకే వస్తందేటి బాబూ" అని వచ్చి, కుక్కని పేరుపెట్టి పిలిచి పక్కన నిలబెట్టుకుంది, నేను సైకిల్ నడిపించుకుంటూ వాళ్ల ముందు నుంచి అటూ ఇటూ తిరిగాను, తర్వాత నెమ్మదిగా తొక్కాను, కొన్నాళ్లు అలా చేస్తే అది నన్ను చూసి లేవడం మానేసింది. యజమాని పక్కన ఉండగా పరిచయం కావడం చాలా పెద్ద విషయం. ఎంత చెప్పినా వినకపోతే చట్టం ఉంది, తన జంతువు వల్ల ఇంకొకరికి ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. కానీ దాన్ని ఆఖరున వాడండి, మొదట వాడితే ఆ దారిలో మీకు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కూడా ఉండరు.

యజమాని లేని కుక్కలైతే, పట్టుకెళ్లి ఇంకో ఊళ్లో వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. 2023 ఏబీసీ రూల్స్ (జంతువుల సంతాన నియంత్రణ నిబంధనలు) ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచే స్వభావం ఉన్నవీ తప్ప మిగతావాటి గురించి ఇదే చెప్పింది. ఒక గుంపుని తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త గుంపు వస్తుంది. చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటే దానికి ఆపరేషన్ అయినట్టు గుర్తు. మీ దారిలో అలాంటివి ఒక్కటీ కనపడకపోతే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అర్జీ రాసి పెట్టండి, నోటితో చెబితే ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు మీ కుక్కపిల్ల సంగతి, నా ఉద్దేశంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా పరిచయం చేసుకునే వయసు దాదాపు మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా, మీది అది దాటింది, అయినా ఏమీ మించిపోలేదు, మాది అయిదేళ్ల వయసులో నేర్చుకుంది.

మీ ఇంట్లో దాన్ని ఎవరెవరు ఏమని పిలుస్తున్నారో ఒకసారి వినండి. మా ఇంట్లో మా అమ్మ "ఒలే, ఇలగ రాయే" అనేది, పిల్లలు "కమ్ కమ్", మా ఆవిడ పేరు మాత్రమే, మా మావయ్య వస్తే చిటికె. అన్నిటికీ రావాలంటే అది దేనికీ రాదు. ఒక్క మాట ఖాయం చేసుకోండి, పేరు పిలిచి "రా", అంతే, ఇంటికొచ్చే చుట్టాలకి కూడా అదే చెప్పండి. రాగానే ఉడికించిన గుడ్డు ముక్క గానీ, ఉప్పు లేకుండా ఉడికించిన చేప ముక్క ముల్లు తీసి గానీ పెట్టండి, బిస్కెట్ కన్నా వాసన ఉన్నదానికి విలువ ఎక్కువ. అన్నం పెట్టే ముందు ఆకలితో ఉన్నప్పుడు కాసేపు చేయిస్తే చాలు. ఇంకా ముఖ్యమైనది, పిలిచి తిట్టకండి, పిలిచి స్నానానికి లాక్కెళ్లకండి, పిలిచి గొలుసు వెయ్యకండి. పిలిచిన ప్రతిసారీ దానికి మంచే జరగాలి. ఆలస్యంగా వచ్చినా సరే, వచ్చినందుకు మెచ్చుకోవాలి. మా ఇంట్లో అందరికన్నా కష్టమైంది ఇదే, కుక్కకి కాదు, మనుషులకి.

బయట నేర్పడానికి పశువులకి కట్టే పగ్గం పొడుగ్గా ఒకటి కొనుక్కోండి, సంతలో దొరుకుతుంది. మెడపట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే బెల్టుకి కట్టండి, ఉరుకుతున్నప్పుడు మెడ నొక్కకూడదు. పగ్గం నేల మీద లాగుతూ తిరగనివ్వండి, పిలిస్తే రాకపోతే మెల్లగా దగ్గరికి తెచ్చుకోవచ్చు, పారిపోయి గెలిచే అవకాశం ఉండదు. ఇక సైకిల్ విషయానికి వస్తే, ముందు పెరట్లో స్టాండ్ వేసి ఉన్న సైకిల్ పక్కన తిండి పెట్టండి. దానికి లెక్కలేకుండా పోయాక ఎవరైనా సైకిల్ నడిపించుకుంటూ దూరంగా వెళ్లాలి, పిల్ల చూసి, పరిగెత్తకుండా మీ వైపు తిరిగిన క్షణంలోనే ముక్క పెట్టాలి. తర్వాత తొక్కడం, తర్వాత దగ్గరగా తొక్కడం. చెవులు నిక్కబొడిచి ఒళ్లు బిగబట్టి తిండి కూడా ముట్టడం లేదంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారని అర్థం, వెనక్కి జరగండి. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. మాది పాల సైకిల్ చూసి కదలకుండా కూర్చోవడానికి నెలలు పట్టింది, ఇప్పటికీ దాన్ని పగ్గం లేకుండా రోడ్డు మీద వదలను.

కొట్టొద్దు. సైకిల్ వచ్చినప్పుడల్లా దెబ్బ పడితే అది సైకిల్‌నే ఇంకా ద్వేషిస్తుంది. రోడ్డు కనపడేలా గేటు దగ్గర రోజంతా కట్టెయ్యడం కూడా వద్దు, పోయే ప్రతి బండికీ గింజుకుని గింజుకుని ఒకరోజు గొలుసు తెంపుకుంటే ఆ కసంతా ఒక్కసారే బయటికొస్తుంది, కట్టాలంటే పెరటి వైపు నీడలో కట్టండి. పిల్లలు సైకిల్ మీద పోతుంటే బుల్లి కుక్కపిల్ల వెనకాల పరిగెట్టడం చూసి ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు, దయచేసి ఇవాళ్టి నుంచే ఆపించండి. ఆరో నెల దాటాక కుర్రవయసులో నేర్పినవన్నీ మర్చిపోయినట్టు చేస్తుంది, మాట వినదు, అప్పుడే చాలామంది విసుగెత్తి ఒగ్గేస్తారు. అది మామూలే, మళ్లీ పగ్గం కట్టి మొదటి నుంచి చేయించండి. ఆపరేషన్ చేయిస్తే ఊరి మీద తిరగడం తగ్గుతుంది గానీ తరమడం దానంతట అది పోదు, నేర్పాల్సిందే.

రేబిస్ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. మూడు నెలలకి మొదటిది, తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు బూస్టర్, ఆపైన ఏటా. జూలై 6న జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు) పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు గానీ దాని కోసం ఆగకండి, ఈ వారమే తీసుకెళ్లండి. ఆ ఇంటాయనతో మాట్లాడేటప్పుడు ఆయన కుక్కకి వేయించారా అని కూడా మర్యాదగా అడగండి, లేదంటే మీ పిల్లతో పాటే తీసుకెళ్దాం అనండి. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాస్తే తర్వాత ఏం చెయ్యాలో చూద్దాం.