రిజిస్ట్రీలో ఏం మారింది?

ప్రశ్న: మాది తెనాలిలో డీటీపీ షాపు. ఉచితంగా దొరికిందని ఓ ఫాంట్ కన్వర్టర్ వేశాను. అప్పట్నుంచి కంప్యూటర్ ఆన్ చేయగానే ఏదో విండో తెరుచుకుంటోంది. అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోలేదు. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) మార్పులు చూపే సాఫ్ట్‌వేర్ కొనాలా? నాలుగు సిస్టమ్‌లున్నాయి.

జవాబు: టెన్షన్ పడకండి, కొనక్కర్లేదు. ముందు విండోస్‌లోనే ఉండే రిజిస్ట్రీ ఎడిటర్ ‘రెజ్‌ఎడిట్’ తెరిచి, కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్ దాటి ‘రన్’ కీ చూడండి; ఆన్ చేయగానే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు అందులో ఉంటాయి. ఆ కన్వర్టర్ పేరు అక్కడే ఉండొచ్చు. తీసేసే ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఒకసారి నేను తొందరపడి పక్క లైను చెరిపేసి, రాత్రంతా ప్రింటర్‌తో కుస్తీ పట్టాను.

ఇకపై కొత్తది వేసే ముందు రిజిస్ట్రీ మార్పులు చూపే రెజ్‌షాట్ వాడండి. ఇన్‌స్టాల్‌కు ముందు ఒక షాట్ (అప్పటి రిజిస్ట్రీ నకలు), తర్వాత ఇంకోటి తీసి ‘కంపేర్’ నొక్కితే చేరినవి, మారినవి, పోయినవి వరసగా వస్తాయి. మొదటి షాట్ లేకపోతే మాత్రం పోల్చడానికేమీ ఉండదు. ఇది ఎల్‌జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్; నాలుగింటిలోనూ, షాపు పనికైనా, పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు.

రిజిస్ట్రీని ఏ ప్రోగ్రామ్ మారుస్తోందో అప్పటికప్పుడు చూడాలంటే విండోస్ టూల్స్ చేసే సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ మానిటర్ ఉంది. 2006 నుంచి అది మైక్రోసాఫ్ట్‌దే. వాడకం ఉచితమే గానీ, కాపీలు తీసి కస్టమర్లకు పంచడానికి లైసెన్సు ఒప్పుకోదు. వాళ్లను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోమనండి. క్రాక్ చేసిన రిజిస్ట్రీ ట్రాకర్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.