రాక్ డ్రమ్స్ నేర్చుకుంటానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో చూశాను. చేతుల్లో వేగం ఉంది, కాదనను. కానీ అర నిమిషంలో కిట్టులో ఉన్న డ్రమ్ములన్నీ చుట్టి వచ్చావు, వెనక మోగుతున్న పాట ఏమైందో మాత్రం పట్టించుకోలేదు. ఈ పిచ్చి మాన్పించమని మీ అమ్మ ఫోను చేసింది. నేర్పించమని నువ్వు రాశావు. సగం జీవితం పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో గడిపినవాడు మాన్పించే పనికి పనికిరాడు కాబట్టి నేర్చుకోవడం గురించే రాస్తున్నాను.

ముందు సాదా బీటు పట్టు. నాలుగు లెక్కల ఆవృత్తంలో కుడిచేత్తో హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు) మీద ఎనిమిది దెబ్బలు, ఒకటి, మూడు లెక్కల మీద కుడికాలితో కిక్ డ్రమ్ (నేల మీద ఉండే పెద్ద డ్రమ్ము), రెండు, నాలుగు మీద ఎడమచేత్తో స్నేర్ (ముందుండే గరగరలాడే చిన్న డ్రమ్ము). ఇంతే. టిక్కు టిక్కుమంటూ లయ చెప్పే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 లెక్కల మీద పెట్టి రోజూ ఇదే వాయించు. విసుగు పుడుతుంది, పుట్టనీ. అంత నెమ్మదిలో దెబ్బకూ దెబ్బకూ మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది. తొందరపడేవాడు దొరికిపోయేది ఆ ఖాళీలోనే. భజనలు, కోలాటాలు వింటూ పెరిగిన మన చెవికి సమం మీద, అంటే తాళం మొదటి లెక్క మీద, బరువు వేయడం అలవాటు. రాక్‌లో ఆ బరువు రెండు, నాలుగు మీదికి జరుగుతుంది. చేతులు రెండు రోజుల్లో ఒప్పుకుంటాయి, ఒళ్ళు ఒప్పుకోవడానికి నెలలు పడుతుంది. ఎదురుగా అద్దం పెట్టుకుని చూడు. నీ తల కిక్ దగ్గర ఊగుతోందా, స్నేర్ దగ్గర ఊగుతోందా? అక్కడే తెలిసిపోతుంది.

చార్లీ వాట్స్ ఎలా వాయించాడో చూడు. 1963 నుంచి 2021లో కన్నుమూసేదాకా రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు డ్రమ్మర్ ఆయనే. చిన్న కిట్టు, ముఖంలో ఏ ఆర్భాటమూ ఉండదు. ఆయన కుడిచెయ్యి మీద కన్ను వెయ్యి. స్నేర్ పడే క్షణంలో హై-హ్యాట్ మీద కొట్టకుండా ఆ చెయ్యి పైకి లేస్తుంది. ఆ ఒక్క దెబ్బ వదిలేయడం వల్ల స్నేర్ ఒంటరిగా, స్పష్టంగా పలుకుతుంది. వదిలేసిన దెబ్బను కూడా వాయించడం అంటే అదే. బీటిల్స్ బ్యాండు డ్రమ్మర్ రింగో స్టార్‌ది ఎడమచేతివాటం, కూర్చున్నది కుడిచేతివాళ్ళ కిట్టు ముందు. అందుకే అతని ఫిల్స్ (పాట వరసల మధ్య ఖాళీని నింపే చిన్న విరుపులు) నడక వేరుగా ఉంటుంది. ఆ ఇబ్బందినే తన బాణీ చేసుకున్నాడు. సోలోలతో జనాన్ని ఊపేసినవాళ్ళు వీళ్ళిద్దరూ కారు, అయినా వీళ్ళు లేని ఆ పాటలను ఊహించడం కష్టం.

అంత దూరం ఎందుకు, కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళు. భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన ప్రభలను చూడటానికి జనం మెడలెత్తుకుని నిలబడతారు, నువ్వు మాత్రం డప్పుల వాళ్ళ దగ్గర నిలబడు. వరిచేల గట్లు దాటేటప్పుడు, కౌశిక కాలువలోకి దిగేటప్పుడు ప్రభ మోసేవాళ్ళ అడుగు మారుతుంది. ఆ అడుగును బట్టి డప్పు నడక మారుతుంది. భుజం మీద బరువున్నది వాళ్ళకని డప్పు కొట్టేవాడికి తెలుసు. నీ బ్యాండులో పాడేవాడు, గిటారు వాయించేవాడు ఆ మోసేవాళ్ళే అనుకో.

ఇక సాధన ఎక్కడ? డాబా మీద కిట్టు వాయిస్తే వీధి వీధంతా మీ అమ్మ దగ్గరికి వస్తుంది. రబ్బరు ప్యాడ్ ఒకటి కొనుక్కుని సింగిల్ స్ట్రోక్ (చేతికి ఒక్కో దెబ్బ), డబుల్ స్ట్రోక్ (చేతికి రెండేసి), ప్యారడిడిల్ (ఆ రెండూ కలిపిన వరస) దాని మీద సాధన చెయ్యి. అసలు కిట్టు కావాలంటే మన వైపు చర్చిల్లో చాలా చోట్ల ఉంటుంది. పాస్టర్ గారిని మర్యాదగా అడిగి, ఆదివారం ఆరాధనలో వాయిస్తానని చెప్పు. పాట మధ్యలో అందరూ కలిసి వేగం పెంచేస్తూ ఉంటే నువ్వు చెదరకుండా నిలబడాలి. ఇంతకంటే మంచి బడి హైదరాబాద్‌లో కూడా దొరకదు.

చెవుల సంగతి గట్టిగా చెబుతున్నాను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంట. మూసిన గదిలో కిట్టు ఆ 100ను సులువుగా దాటేస్తుంది. స్టిక్స్ కంటే ముందు చెవి ప్లగ్గులు కొనుక్కో. దూది పెట్టుకుంటే చాలనుకోకు.

తాగుడు గురించి మీ అమ్మకు భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. లెడ్ జెప్పెలిన్ బ్యాండు డ్రమ్మర్ జాన్ బోనమ్ 1980లో విపరీతంగా తాగి నిద్రలోనే పోయాడు. ద హూ బ్యాండు డ్రమ్మర్ కీత్ మూన్ 1978లో, తాగుడు మానడానికి ఇచ్చిన మాత్రలే మోతాదు మించి వేసుకుని పోయాడు. ఇద్దరికీ అప్పుడు 32 ఏళ్ళే. మన పెళ్ళిళ్ళలో కూడా అర్ధరాత్రి దాటాక స్టేజీ వెనక సీసా తిరుగుతుంది. ఊళ్ళు తిరిగే డ్రమ్మర్‌కు వాయించే గంటలకంటే ఎదురుచూసే గంటలే ఎక్కువ. ఆ ఖాళీని దేనితో నింపుతావో ముందే ఆలోచించుకో. వాట్స్ తాను పడుకున్న ప్రతి హోటల్ మంచం బొమ్మ గీసేవాడు! నవ్వొస్తుంది కానీ, ఆయన ఎనభై దాటాడు.

డబ్బు మాట. భీమవరంలోనో రాజమండ్రిలోనో రాక్ బ్యాండుతో ఇల్లు గడవదు. ఆర్కెస్ట్రాల్లో కూడా ఇప్పుడు చాలావరకు కిట్టు లేదు, ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) వచ్చి కూర్చుంది. దాన్ని చూసి ముఖం తిప్పుకోకు, అదీ నేర్చుకో, పిలిచేవాళ్ళు పెరుగుతారు. 1980లో లిన్, రోలాండ్ కంపెనీల డ్రమ్ మిషన్లు వచ్చినప్పటి నుంచి స్టూడియోల్లో మనుషుల పని తగ్గుతూనే ఉంది. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీతం గ్రేడ్ పరీక్షలు రాసుకుంటూ వెళితే రేపు పిల్లలకు నేర్పి నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు. డిగ్రీ పూర్తయ్యాక విశాఖకో బెంగళూరుకో వెళ్ళు, అభ్యంతరం లేదు. మీ అమ్మకు నేను నచ్చజెబుతాను.

కొంటానని నువ్వు రాసిన పాత కిట్టుకు ఇంకా బయానా ఇవ్వకు. లంక ఊళ్ళ నుంచి వచ్చిందన్నావు కదా, వరదనీళ్ళు చూసిందేమో తెలియదు. తోలు ఊడదీయించి షెల్ (డ్రమ్ము చెక్క గుండు) అంచు మీద గోరు నడిపించు. ప్లైవుడ్ పొరలు విచ్చుకుని గోరు ఎక్కడైనా తట్టుకుంటే వదిలేయి, ఎంత బిగించినా అది శ్రుతిలో నిలవదు. బోల్టుల తుప్పుకు భయపడకు, ఉప్పుగాలికి మా కిట్టులకూ పట్టేది, నూనెగుడ్డతో పోతుంది. సింబల్ (కంచు తాళం) అంచునా, నడిమి రంధ్రం చుట్టూ సన్నని చీలిక ఉందేమో వెలుతురుకు పట్టి చూడు. చీలిన కంచు రోజురోజుకూ చీలుతూనే ఉంటుంది, దానికి డబ్బు ఇవ్వకు. కిక్ పెడల్ స్ప్రింగు, గొలుసు కాలు పెట్టి చూసుకో. శనివారం పాలకొల్లు బస్సెక్కి అటు వస్తాను, బేరం నేను ఆడతాను. అప్పటిదాకా నచ్చినట్టు ముఖంలో కనపడనీయకు.

ఇట్లు,
మీ మావయ్య